పొద్దు తిరగకముందే

గాజువాక జంక్షన్‌లో బస్సు కోసం నిలబడితే ఎదురుగా కొత్త ఫ్లెక్సీ కనిపించింది. నల్ల అంచు, మధ్యలో ఆయన నవ్వు. కింద ‘హాజీల సేవకునికి అశ్రునివాళి’ అని పెద్ద అక్షరాలు, వాటి కింద ఆ ఫ్లెక్సీ కట్టించినవాళ్ళ ఫొటోలు వరసగా. బడిలో పిల్లలకి తెలుగు చెప్పి చెప్పి నాకో అలవాటు పట్టుకుంది, ఏ రాత చూసినా ముందు తప్పులు వెతుకుతాను. అక్షరాల్లో తప్పేమీ లేదు. ‘సేవకుడు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

చావు కబురు తెలిస్తే అనుకోవాల్సిన మాట అనుకున్నాను. మనమందరం అల్లావాళ్ళమే, ఆయన దగ్గరికే తిరిగిపోతాం. అది ఎవరు పోయినా అనాల్సిందే. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలని కూడా మా పెద్దవాళ్ళు అంటారు. సరే, ఏదో ఒక మంచి దొరక్కపోతుందా అని బస్సు వచ్చేదాకా వెతికాను. గొంతు ఖంగుమనేది. చకచకా నడిచేవాడు. ఆయన తెల్ల లాల్చీ మీద నేనెప్పుడూ మరక చూడలేదు. బస్సు వచ్చేసింది.

పేరు రాయను. ఆయన కుటుంబం ఈ ఊళ్ళోనే ఉంది, వాళ్ళు నాకేమీ చెయ్యలేదు.

విశాఖపట్నం నుంచి హజ్ యాత్రకి వెళ్ళే జట్లలో ఒకదానికి ఆయన పెద్ద. టికెట్లూ గుడారాలూ చూసుకునేది వేరేవాళ్ళు. మనుషుల్ని వెంటబెట్టుకుని తిప్పడం, ఏ విధి ఎప్పుడు చెయ్యాలో చెప్పడం ఆయన పని. ఎన్నిసార్లు వెళ్ళొచ్చాడో తనకే గుర్తులేదని, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. రెండు చేతులకీ రెండు గడియారాలు ఉండేవి. ఎడమచేతిది మన టైము, కుడిచేతిది మక్కా టైము. పూర్ణామార్కెట్లో ఉల్లిపాయలు బేరమాడుతూ కూడా కుడిచెయ్యి పైకెత్తి చూసుకుని, “ఇప్పుడక్కడ తెల్లారగట్ట ఫజర్ నమాజు అయిపోయుంటాది” అని నిట్టూర్చేవాడు. ఉల్లిపాయలావిడ ఆ నిట్టూర్పుకి ధర తగ్గించడం నేను చూడలేదు.

ఆయన నోట్లో ఎప్పుడూ రెండే మాటలు నానుతుండేవి. ఒకటి ‘బేగి’, రెండోది ‘పూచీ నాది’. బేగి రండి, బేగి తినండి, బేగి దువా చేసుకోండి. ఎవరైనా ఆగి, ఇలా చెయ్యొచ్చా అని అడిగితే చాలు, గుండె మీద చెయ్యేసుకుని పూచీ నాది అనేవాడు. మనిషికీ దేవుడికీ మధ్య ఇంత సులువుగా జామీను నిలబడే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

బయల్దేరే ముందు విశాఖ పాతపట్నంలో ఓ ఫంక్షన్ హాల్లో ఆయన తరగతులు పెట్టాడు. ఎయిర్ కూలర్ వచ్చిన అట్టపెట్టెకి నల్లగుడ్డ చుట్టి, అదే కాబా అనుకోమని మధ్యలో పెట్టి, దాని చుట్టూ మమ్మల్ని తిప్పాడు. స్టీలుప్లాంటులో రిటైరైనవాళ్ళు, హార్బర్‌లో బోట్ల ఇంజన్లు బాగుచేసే మేస్త్రీలు, పరవాడ నుంచి వచ్చిన భార్యాభర్తలు, మాంసం కొట్టాయన, అందరం బుద్ధిగా తిరిగాం. ఆయన మాత్రం తిరగలేదు. కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపుతూ ఉన్నాడు, ట్రాఫిక్ కానిస్టేబుల్ లాగా.

హజ్‌లో ప్రతి విధికీ ఓ వేళ ఉంటుంది, వాటికో వరస ఉంటుంది. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి కాబట్టి దిద్దుకునే దారి కూడా ధర్మంలోనే ఉంది. వేళ ఇంకా మిగిలుంటే మళ్ళీ చేస్తే చాలు. వేళ దాటిపోతే కొన్నిటికి పరిహారంగా ఆ పవిత్ర నేల మీదే ఓ మేకనో గొర్రెనో జబహ్ చేయించి ఆ మాంసం పేదలకి పంచాలి. దాన్ని దమ్ అంటారు. బోటు మేస్త్రీ ఒకాయన దీని గురించే అడిగాడు, మావల్ల ఏదైనా తప్పు జరిగితే ఎలాగని.

“నా ఎనకాల నడిచినోడికి తప్పెందుకొస్తాది?” అన్నాడు ఆయన. “వచ్చిందే అనుకో. దమ్ ఇచ్చేద్దాం. ఓ మేక. అంతే గదా? పూచీ నాది.”

హాలంతా నవ్వింది. మా అత్తగారు నవ్వలేదు.

ఆవిడ ఆ యాత్రకి వెళ్తున్నది తన కోసం కాదు. తన హజ్ మా మామగారు ఉన్న రోజుల్లోనే అయిపోయింది. ఇది మా బావగారి కోసం. మా ఆయనకి అన్న ఆయన, పోర్టులో క్రేన్ నడిపేవాడు. వెళ్ళడానికి అంతా సిద్ధం చేసుకున్నాక జబ్బు చేసింది. ఆస్పత్రి మంచం మీద తల్లి చెయ్యి పట్టుకుని, నా బదులు ఎవరిచేతైనా చేయించమ్మా అని అడిగాడట. ఎవరిచేతో ఎందుకురా, నేనే చేస్తాను అందట ఈవిడ. చనిపోయినవాళ్ళ తరఫున చేసే ఆ యాత్రని బదల్ హజ్ అంటారు. తోడుగా చిన్నకొడుకు, అంటే మా ఆయన వెళ్ళాడు. ఆయనతో నేను. దారి పొడవునా ఆవిడ ప్రతి విధికీ ముందు పెద్దకొడుకు పేరు చెప్పుకునేది. పిల్లాడి తరఫున బడికి ఫీజు కట్టేటప్పుడు ఇది ఫలానావాడిది, చూసి రాసుకోండి అంటారే, అంత జాగ్రత్తగా.

హజ్‌కి ప్రాణంలాంటిది అరఫాత్ రోజు. ఆ మైదానంలో పొద్దు గుంకేదాకా ఉండాలి. చివరి గంట మరీ విలువైంది. లక్షల మంది చేతులు చాపి ఏడుస్తారు ఆ గంటలో. పొద్దు ఇంకా బాగానే ఉండగా ఆయన చప్పట్లు కొడుతూ గుడారంలోకి వచ్చాడు. బస్సొచ్చేసిందట, ముందెక్కినవాళ్ళకి సీట్లు దొరుకుతాయట, తర్వాత రద్దీలో చిక్కుకుపోతామట. దువా బస్సులో కూడా చేసుకోవచ్చు, దేవుడు బస్సులో వినడా అన్నాడు. చాలామంది కన్నీళ్ళు తుడుచుకుని చెప్పులు వెతుక్కున్నారు. మా అత్తగారు చాప మీంచి లేవలేదు. ఆవిడతో మేమూ ఉండిపోయాం.

తీరా చూస్తే పోలీసులు ఒక్క బస్సునీ కదలనివ్వలేదు. పొద్దు గుంకాకే గేటు తెరిచారు. మేం తీరిగ్గా దువా ముగించుకుని, అదే బస్సు దగ్గరికి నడిచి వెళ్ళి ఎక్కాం. బస్సు మైదానం హద్దు దాటలేదు కాబట్టి ఎవరి హజ్‌కీ ఏమీ కాలేదు. కానీ ముందెక్కినవాళ్ళు ఆ చివరి గంటంతా హారన్లు వింటూ, కిటికీ అద్దాలకి తలలానించుకుని గడిపారు. ఇంత చేసి ఆయన డ్రైవరు పక్కన నిలబడి, “సూసారా, సరిగ్గా టయానికి బయల్దేరదీసాను” అన్నాడు. పోలీసుల తాళం కూడా తన ఖాతాలోనే వేసుకున్నాడు.

ఆ రాత్రి దారిలో ముజ్దలిఫా అనే చోట అందరం రాళ్ళు ఏరుకున్నాం, శనగగింజంత రాళ్ళు. తర్వాత మేం బస చేసే మినాలో షైతాను గుర్తుగా నిలబెట్టిన స్తంభాలకి వాటిని కొట్టాలి. బక్రీదు పండగ రోజున ఒక్క పెద్ద స్తంభానికే, అది పొద్దున్నే కొట్టవచ్చు. ఆ మర్నాటి నుంచి మూడింటికీ కొట్టాలి, అది మాత్రం పొద్దు నడినెత్తి దాటి పడమటికి తిరిగాకే. అంతకుముందు కొట్టినవి మేం పాటించే పద్ధతిలో లెక్కకి రావు. ఈ చిన్న ముక్క ఆయనకి తెలియదంటే నేను నమ్మను. తెలుసు. తెలిసిన దాన్ని తన వీలుకి తగ్గట్టు పక్కన పెట్టడం కూడా తెలుసు.

పండగ మర్నాడు పొద్దున్న టీ తాగుతుండగానే జెండా కర్ర పట్టుకుని వచ్చేశాడు. మా అత్తగారు చెప్పులేసుకుంటూ మామూలుగా అడిగింది, మీ మామగారితో వచ్చినప్పుడు మధ్యాహ్నం జుహర్ వేళ దాటాక గదా వెళ్ళాం అని. నాతోనే అంది గానీ ఆయనకి వినిపించింది.

“అప్పుడు జనం తక్కువమ్మా. ఇప్పుడు మద్దేన్నం ఎల్తే ఎండకి పడిపోతారు. బేగెల్దాం, బేగొచ్చేద్దాం. పూచీ నాది.”

వెళ్ళాం. ఆవిడ మోకాళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి. ప్రతి రాయికీ అల్లా పేరు, వెంటనే కొడుకు పేరు. దారి ఖాళీగా ఉంది. అంత ఖాళీగా ఎందుకుందో ఎవరికీ తట్టలేదు. ఎండ ముదరకుండానే గుడారానికి వచ్చేశాం. ఎంత హాయిగా అయిపోయిందో చూశారా అని ఆయన అందరికీ ఖర్జూరాలు పంచాడు.

మర్నాడు ఫజర్ నమాజు అయ్యాక పక్క గుడారం నుంచి ఓ మౌలానా వచ్చాడు. శ్రీకాకుళం వైపు జట్టుతో వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. మా అత్తగారి మోకాళ్ళు చూసి ముందు రోజు ఏదో నూనె ఇచ్చాడు. ఇప్పుడెలా ఉందో కనుక్కుందామని వచ్చినట్టున్నాడు. మాటల్లో, రాత్రి రెండోసారి వెళ్ళినప్పుడు దారిలో ఇబ్బంది కాలేదు గదా పెద్దమ్మా అని అడిగాడు.

రెండోసారి ఏమిటని మేం ముఖాలు చూసుకున్నాం. ఆయనా మా ముఖాలు చూశాడు. తర్వాత చెప్పడానికి బాగా ఇబ్బంది పడ్డాడు. ముందు రోజు మా జట్టు పొద్దున్నే వెళ్ళొచ్చిందని తెలిసి, మధ్యాహ్నమే మా పెద్దమనిషిని పక్కకి పిలిచి చెప్పాడట, అది చెల్లలేదు, ఇంకా వేళ ఉంది, సాయంత్రమైనా రాత్రైనా తీసుకెళ్ళి మళ్ళీ కొట్టించండి, తెల్లవారేలోగా అయితే పరిహారం కూడా అక్కర్లేదు అని. మా పెద్దమనిషి అలాగేనని తలూపాడట.

ఇప్పుడు తెల్లవారిపోయింది.

 మా అత్తగారు ఒక్కటే అడిగింది.

“నా బిడ్డ హజ్ పోయిందేటి బాబూ?”

“పోలేదు పెద్దమ్మా. హజ్ ఎక్కడికీ పోలేదు. ఇయ్యాళ పొద్దు తిరిగాక నిన్నటివి ముందు కొట్టండి, తర్వాత ఇయ్యాళ్టివి. ఆలస్యానికి ఓ దమ్ ఇవ్వండి. అల్లా కబూల్ చేస్తాడు.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దకొడుకు పోయినప్పుడు నేను చూసిన ఏడుపే అది, చప్పుడు లేని ఏడుపు. వాడు అడిగిన ఒక్క పనీ పాడు చేసేశానని గొణిగింది. మౌలానా చెప్పింది విన్నది, అర్థం చేసుకుంది, అయినా చాలాసేపు అదే మాట.

మా ఆయన వెళ్ళి మా పెద్దమనిషిని లేపాడు. కళ్ళు నులుముకుంటూ వచ్చి, మౌలానాని చూడగానే విషయం పసిగట్టాడు. ముందు తనతో ఎవరూ ఏమీ అనలేదన్నాడు. మౌలానా గొంతు పెంచకుండా, తాను ఎక్కడ నిలబడి చెప్పాడో, ఈయనేమని బదులిచ్చాడో గుర్తు చేశాడు.

“సెప్పాడమ్మా, కాదన్ను,” అన్నాడు అప్పుడు. “అందరూ అలిసిపోయి పడుకున్నారు. ముసిలోళ్ళు. లేపబుద్ధి కాలేదు.”

ఇదీ ఆయన. అబద్ధానికి దయ అనే దుప్పటి కప్పేశాడు. ఆ సాయంత్రం మేమెవరం పడుకోలేదు. ఆడవాళ్ళం గుడారం బయట కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. ఆయన హైదరాబాదు జట్టువాళ్ళ గుడారానికి విందుకి పోతూ మా ముందు నుంచే నడిచాడు, పలకరించాడు. తిని వస్తూ మళ్ళీ మా ముందు నుంచే వచ్చి, బిర్యానీలో ఉప్పు తక్కువైందని కూడా చెప్పాడు. బిర్యానీ సంగతి చెప్పిన నోటికి ‘పొరపాటు చేశాను, లేవండి, మళ్ళీ వెళ్దాం’ అన్న మాట రాలేదు. మేం తిట్టేవాళ్ళం కూడా కాదు. లేచి నడిచేవాళ్ళం. రాత్రంతా మిగిలే ఉంది. అంత మంది పుణ్యం ఒకవైపు, జట్టు పెద్దగా తన పరువు ఒకవైపు పెట్టి, ఏది బరువో తేల్చుకోవడానికి ఆయనకి పెద్దగా సమయం పట్టి ఉండదు.

“కంగారేటమ్మా,” అన్నాడు మా అత్తగారితో, తేలికైన గొంతుతో. “దమ్ ఇచ్చేద్దాం. ఓ మేక.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని ఆయన్ని చూసింది.

“నువ్వు నోరిప్పితే పోయేదానికి ఓ మూగజీవం పీక తెగాలన్నమాట.”

ఆయన దానికి కూడా నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మానేశాడు.

ఆ మధ్యాహ్నం పొద్దు తిరిగాక మేం బయల్దేరాం. గొడుగులకి కూడా ఆగని ఎండ. మాంసం కొట్టాయన, బోటు మేస్త్రీలు, పరవాడ దంపతులు, ఒక్కొక్కరూ లేచి మా వెనక వచ్చారు. కొందరు రాలేదు, పెద్దాయన పరవాలేదన్నాడు కదా అన్నారు. మా అత్తగారిని మా ఆయన ఒకవైపు, నేనొకవైపు పట్టుకున్నాం. గుడారాల వీధి దాటి పెద్ద దారిలోకి వచ్చాక చూస్తే మా ముందు ఆయన! జెండా కర్ర ఎత్తి పట్టుకుని, వెనక్కి తిరిగి “రండి రండి, విడిపోకండి, నా జెండా సూడండి” అంటున్నాడు. ఎప్పుడు వచ్చి ముందు చేరాడో తెలియదు. ఎండలో పడిపోతారని నిన్న బెంగపడ్డ మనిషి, జనం తనని వదిలి నడుస్తున్నారనేసరికి ఎండ మర్చిపోయాడు. దారిన పోయేవాళ్ళు చూస్తే జట్టుని తీసుకెళ్తున్నది ఆయనే అనుకుంటారు. అనుకోవాలనే కదా.

మా అత్తగారు ఆయన్ని చూడలేదు. నిన్నటి రాళ్ళు ముందు కొట్టింది, మూడింటికీ. మళ్ళీ మొదటికి వచ్చి ఆ రోజువి కొట్టింది. ఆ రెండో విడత కోసం వెనక్కి నడిచేటప్పుడు ఆవిడ మోకాలు మడత పడక, కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. కుర్చీబండి తెస్తామంటే వద్దంది. ఆలస్యం చేశానని వాడికి చెప్పుకోవాలి, నడిచే వెళ్ళి చెప్పుకుంటాను అంది.

దమ్ కోసం మౌలానా మా ఆయన్ని వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. దగ్గరుండి కళ్ళతో చూసి రమ్మని అత్తగారు చెప్పింది, అలాగే చూసి వచ్చాడు. మిగతావాళ్ళలో చాలామంది ఆ పని మా జట్టు పెద్దకే అప్పజెప్పారు. ఆయన చేయించాడో లేదో నాకు తెలియదు. తెలియని మాట రాయను.

తిరిగొచ్చాక అదే ఫంక్షన్ హాల్లో సన్మానం జరిగింది. స్టేజీ మీద ఆయన మెడ కనిపించకుండా దండలు వేశారు. మైకు తీసుకుని, ఈసారి రద్దీ వల్ల ఓ రోజు రాళ్ళు కొట్టడంలో చిన్న అనుమానం వస్తే, అందరిచేతా దగ్గరుండి మళ్ళీ కొట్టించానని, ఒక్కరి హజ్ కూడా చెడిపోనివ్వలేదని చెప్పాడు. చప్పట్లు మోగాయి. మౌలానా పేరు రాలేదు, మా అత్తగారి మోకాళ్ళు అసలే రాలేదు. మాంసం కొట్టాయన నా వైపు చూసి తల దించుకున్నాడు. అత్తగారు భోజనాలకి ఆగకుండా ఆటో పిలవమంది.

ఆ తర్వాత ఆయన ఒక్కసారే మా ఇంటికి వచ్చాడు. కొత్త జట్టు కడుతున్నాడు. చేతిలో మిఠాయి పొట్లం, జేబులో ఫోను. అమ్మగారు రెండు మంచి ముక్కలు చెప్తే వీడియో తీసుకుంటానన్నాడు, ఇలాంటి పెద్దవాళ్ళు చెప్తే జనానికి నమ్మకమట. ఇంత జరిగాక ఈ ఇంటి గడప ఎలా తొక్కాడా అని నేను ఆశ్చర్యపోతుంటే, అత్తగారు టీ పెట్టించి, ఎదురుగా కూర్చుని అడిగింది.

“ఓ మాటడుగుతాను బాబూ. ఆ రేతిరి నీకు నిద్దరట్టిందా?”

ఏ రాత్రని ఆయన అడగలేదు. అంటే గుర్తుందన్నమాట. కానీ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆవిడ తన ఆరోగ్యం కనుక్కుంటోందనుకున్నాడు.

“సుబ్బరంగా పట్టిందమ్మా. అంత నడక నడిచాక పట్టకేటి?”

అని ఫోను సరిచేసుకుని ఆవిడ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఆవిడ కొంగు ముఖం మీదికి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కాసేపు ఎదురుచూసి, పెద్దావిడకి కెమేరా అంటే సిగ్గనుకుంటాను అని నాతో అన్నాడు. టీ పూర్తిగా తాగి వెళ్ళాడు.

అప్పటిదాకా ఆయన మీద నాకు కోపం ఉండేది. ఆ మాట విన్నాక కోపం కూడా దండగనిపించింది. తప్పు చేసి దాచినవాడికి లోపల ఎక్కడో ఓ ముల్లు ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ మనిషికి ముల్లూ లేదు, అది గుచ్చుకునే చోటూ లేదు. దిద్దుకునే దారి ఉన్నది బాధపడేవాడి కోసం. ఈయన ఆ దారిని, ఎంత తప్పైనా ఓ మేకతో సరి అనే రేటు బోర్డుగా మార్చుకున్నాడు. దాని కింద నిలబడే హాజీల సేవకుడయ్యాడు.

ఫ్లెక్సీ చూసిన రోజు ఇంటికొచ్చి చెప్పాను. అత్తగారికి ఇప్పుడు చూపు మందగించింది, వినికిడి బాగానే ఉంది. అనాల్సిన మాట అంది, ఆ పూట నమాజులో ఆయన కోసం కూడా చేతులెత్తింది. నేనైతే ఎత్తలేదు.

రెండు రోజులాగి ఆయన తమ్ముడు వచ్చాడు. అన్నలా కాదు, మాట లోపలికే పోయే మనిషి. మాలో ఎవరైనా పోతే వాళ్ళ తరఫున ఇంటివాళ్ళు మాఫీ అడుగుతారు. ఇల్లిల్లూ తిరుగుతున్నట్టున్నాడు, కాళ్ళనిండా దుమ్ము. కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మా అన్న వల్ల మీకేటైనా కష్టం కలిగుంటే మాఫ్ సెయ్యండమ్మా.”

అత్తగారు గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

“నాకు సేసింది ఎప్పుడో మాఫ్ సేసేసాను నాయనా. నా కొడుక్కి సేసింది మాఫ్ సెయ్యడానికి నానెవర్ని? మీ అన్న ఇప్పుడు ఆడున్న కాడికే ఎల్లాడు. ఆడ్నే అడగాల.”

 తమ్ముడు తలూపి, మెట్లు దిగి వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాడు.